విజ్ఞానం కూడ ఒక విశ్వాసమేనా?

మన భాషలో 'శాస్త్రం' అన్న మాటకు మూడు ముఖాలున్నవి. రసాయన శాస్త్రం, వృక్ష శాస్త్రం అన్నప్పుడు అది పరీక్షించి తెలుసుకొన్న జ్ఞానం. 'శాస్త్రం ఒప్పుకోదు' అని ఇంటి పెద్దలన్నప్పుడు అది ఎదురు ప్రశ్నకు తావియ్యని ఆజ్ఞ. 'ఏదో శాస్త్రానికి చేశాం' అన్నప్పుడు అది ఉత్త తంతు. ఒకే మాట ఇన్ని అర్థాలను మోస్తున్నది గనుక, విజ్ఞానశాస్త్రం కూడ ఒక మతం వంటిదే, అదీ ఒక నమ్మకమే అని ఎవరైనా అంటే తెలుగు చెవికి అది వింతగా తోచదు.

ఈ మాటను గట్టి వాదంగా మలచినవాడు పాల్ ఫెయెరాబెండ్ (1924-1994). ఆస్ట్రియాలో పుట్టి, అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించిన పండితుడు. 1975లో వెలువడిన అతని 'ఎగైనెస్ట్ మెథడ్' గ్రంథం పెద్ద దుమారమే లేపింది. విజ్ఞానానికి ఏకైక పద్ధతి అంటూ ఏదీ లేదనీ, గెలీలియో వంటివారు సైతం నాటి నియమాలను ఉల్లంఘించే ముందుకు సాగారనీ అతని వాదం. ఒకప్పుడు చర్చి కూర్చున్న పీఠం మీద నేడు విజ్ఞానం కూర్చున్నది గనుక, మతాన్ని రాజ్యం నుండి వేరు చేసినట్లే విజ్ఞానాన్ని కూడ వేరు చేయాలన్నాడు. అతడు చూపిన ఉదాహరణలలో చైనా సంప్రదాయ వైద్యం ఒకటి. 1950 తరువాతి సంవత్సరాలలో చైనా ప్రభుత్వం పాత వైద్యాన్ని తిరిగి ఆసుపత్రులలోకి, కళాశాలలలోకి తెచ్చింది. నిపుణులు తమంతట తాము చేయని పనిని రాజకీయం చేయించిందనీ, దానివల్ల లాభమే కలిగిందనీ ఫెయెరాబెండ్ అభిప్రాయం.

ఇటువంటి వాదాన్ని నవ్వి తోసివేయటం తేలిక. కాని అది న్యాయం కాదు. అతడు ఎంచుకొన్న నేల మీదనే, అనగా చైనా వైద్యం మీదనే, ఆ వాదం ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

ఒక చేయి, రెండు గ్రంథాలు

చైనా వైద్యానికి వెనుక ఉన్న భావాలలో తావో భావం ముఖ్యమైనది. 'తావో' అంటే మార్గం. ప్రకృతికి తనదైన నడక ఒకటి ఉన్నదనీ, దానికి ఎదురీదక దానితో కలిసి నడవటమే వివేకమనీ ఆ మతం చెబుతుంది. 'చువాంగ్‌త్సే' అనే ప్రాచీన గ్రంథంలో ఒక వంటవాని కథ ఉన్నది. పంతొమ్మిదేళ్ళు పశువులను కోసినా అతని కత్తి మొద్దుబారలేదు. ఎముకను నరకకుండా, కీళ్ళ నడుమ ఉన్న సందుల వెంటనే కత్తిని పోనిస్తాడు. అతని జ్ఞానం పుస్తకంలో లేదు, చేతిలో ఉన్నది. చైనా విజ్ఞాన చరిత్రను సంపుటాలుగా రచించిన బ్రిటిష్ శాస్త్రవేత్త జోసెఫ్ నీధం, 1956లో వెలువడిన రెండవ సంపుటంలో, ప్రకృతిని కన్నార చూడటం, చేతిపనిని గౌరవించటం అనే గుణాల వల్ల తావోవాదులు చైనా విజ్ఞానానికి పునాది వేశారని వాదించాడు.

ఆ తావోవాదులలో ఒకడు గె హోంగ్. క్రీ.శ. మూడవ శతాబ్దం చివర పుట్టి నాలుగవ శతాబ్దంలో జీవించిన రసవాది, వైద్యుడు. అతని గ్రంథాలలో రెండు మనకు ఇక్కడ ముఖ్యం. మొదటిది 'బావోపుజి'. మనిషిని అమరుణ్ణి చేసే మందులను గురించి అందులో విస్తారంగా ఉన్నది. ఇంగిలీకం, బంగారం కలిపి పుటం వేసిన రసాలకు అందులో అగ్రస్థానం. ఇంగిలీకమంటే పాదరసం, గంధకం కలిసిన ఖనిజం. రెండవది అత్యవసర చికిత్సల చిన్న పుస్తకం. 'మోచేతి వెనుక' అన్న మాట దాని పేరులోనే ఉన్నది. అంగీ చేతిలో దోపుకొని వెంట తీసుకొని పోదగినదని భావం. అందులో చలిజ్వరానికి ఒక యోగం ఉన్నది: గుప్పెడు చింగ్‌హావో మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలి.

ఈ రెండు గ్రంథాలూ ఒకే చేయి వ్రాసినవి, ఒకే విశ్వాసం నుండి పుట్టినవి. మొదటి దారిన పోయినవారి గతి చరిత్రలో ఉన్నది. తాంగ్ వంశపు చక్రవర్తులు కొందరు అమరత్వం కోసం రసాయన గుళికలు మింగి మరణించారు. 846లో వుజోంగ్, 859లో షువాన్‌జోంగ్ అట్లా పోయినవారే. రెండవ దారి ఎక్కడికి చేరిందో ముందు చూద్దాం. ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉన్నది. నాటి సంప్రదాయం ఈ రెంటిలో ఇంగిలీకానికే పెద్దపీట వేసింది. చవకైన ఆకు పసరు సామాన్యుల మందు. ఖరీదైన రసం చక్రవర్తుల మందు. గ్రంథాన్ని ఎంత భక్తితో చదివినా, వీటిలో ఏది ప్రాణం పోస్తుందో, ఏది తీస్తుందో అది చెప్పదు.

యుద్ధం తెరిపించిన పుస్తకం

1967 మే 23న చైనా ప్రభుత్వం ఒక రహస్య పరిశోధనను ప్రారంభించింది. ఆ తేదీ మీదనే దానికి '523' అని పేరు. వియత్నాం యుద్ధంలో సైనికులు మలేరియాతో కూలిపోతున్నారు. క్లోరోక్విన్ మందుకు ఆ జబ్బు లొంగటం మానివేస్తున్నది. 1969లో తు యూయూ అనే శాస్త్రవేత్త ఈ పనిలో చేరింది. ఆమె బృందం పాత గ్రంథాల నుండి, వృద్ధ వైద్యుల నుండి రెండు వేలకు పైగా యోగాలు సేకరించింది. సుమారు 200 మూలికల నుండి 380కి పైగా సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించింది. చింగ్‌హావో ఒకసారి నూటికి 68 వంతుల గుణం చూపి, మరల చేసినప్పుడు చూపలేదు.

అప్పుడామె గె హోంగ్ వాక్యాన్ని మళ్ళీ చదివింది. కషాయం కాచమని అతడు చెప్పలేదు, నానబెట్టి పిండమన్నాడు. వేడికి గుణం పోతున్నదేమోనని ఆమెకు తోచింది. దాదాపు 35 డిగ్రీల వద్దనే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరు 4న పరీక్షించిన 191వ నమూనా ఎలుకలలోని మలేరియా క్రిములను పూర్తిగా అణచివేసింది. 1972లో, అది విషం కాదని రుజువు చేయటానికి ఆమె, ఆమె సహచరులు ఇద్దరు ముందు తామే ఆ మందు తాగారు. తరువాత హైనాన్ ద్వీపంలో 21 మంది రోగులకిచ్చి చూశారు. ఆ ఏడే అందులోని అసలు పదార్థం స్ఫటికాలుగా చేతికి వచ్చింది. దాని పేరు ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

ఫెయెరాబెండ్ వాదం ఇక్కడ సగం గెలిచింది. ఆ పుస్తకాన్ని తెరిపించింది ప్రయోగశాల కాదు; యుద్ధం, ప్రభుత్వం. అంతేకాదు, పదహారు వందల ఏళ్ళనాటి వాక్యమే ఆధునిక రసాయనవేత్త పొరపాటును దిద్దింది. సంప్రదాయాన్ని అటకెక్కించినవారు ఈ సంగతి మరువరాదు.

కాని మిగిలిన సగం ఓడింది. రాజకీయం పుస్తకాన్ని తెరవగలిగింది. అందులో ఏ పుట నిజమో చెప్పలేకపోయింది. రెండు వేల యోగాలలో నుండి ఒక్కదానిని ఏరినది ఎలుక. ఆ మందు పనిచేసే తీరుకూ యిన్-యాంగ్‌ల సమతూకానికీ సంబంధం లేదు. మలేరియా క్రిమి మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను తింటుంది. అప్పుడు వెలువడే ఇనుము, ఆర్టెమిసినిన్ అణువులోని రెండు ఆక్సిజన్‌ల వంతెనను తెంచుతుంది. అందునుండి పుట్టిన తీవ్రమైన పదార్థాలు క్రిమినే చంపుతవి. గె హోంగ్‌కు ఫలితం తెలుసు, కారణం తెలియదు. కారణం తెలియకపోవటం తప్పు కాదు. కాని అతనికి ఇంగిలీకం విషయంలో ఫలితం కూడ తెలియలేదు. పైగా తెలిసిందనే అనుకొన్నాడు.

పేరొకటి, మొక్కలు రెండు

పరీక్ష లేని నమ్మకానికి మరొక చిక్కు ఉన్నది. చింగ్‌హావో అన్న పేరుతో చైనాలో ఒకటికి మించిన మొక్కలు వాడుకలో ఉండేవి. మందు గుణం వాటన్నిటిలో లేదు. మన వినాయకచవితి పత్రిలో ఉండే మాచిపత్రి కూడ ఆ జాతికి చెందినదే. అంతమాత్రాన దాని కషాయంతో మలేరియా కుదురుతుందనుకోవటం ప్రమాదం. బెల్జియంలో ఇట్లాంటి పొరపాటే విషాదమైంది. ఒళ్ళు తగ్గటానికి చైనా మూలికల పొడి వాడిన స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోయినట్లు 1993లో అక్కడి వైద్యులు ప్రకటించారు. 'ఫాంగ్‌జీ' అన్న పేరున రెండు వేరువేరు మొక్కలున్నవి. ఒకదానికి బదులు విషమున్న రెండవది కలిసింది. ప్రకృతి నుండి వచ్చినది గనుక హాని చేయదనే మాటను ప్రకృతి ఎన్నడూ ఒప్పుకోలేదు.

హస్తవాసి మాటేమిటి?

ఇక సూదుల వైద్యం. 2007లో జర్మనీలో ప్రకటించిన ఒక పరీక్షలో, ఏళ్ళ తరబడి నడుము నొప్పితో బాధపడే 1,162 మందిని మూడు భాగాలు చేశారు. మొదటివారికి చైనా గ్రంథాలు చెప్పిన స్థానాలలో సూదులు గుచ్చారు. రెండవవారికి ఆ స్థానాలు తప్పించి పైపైన గుచ్చారు. మూడవవారికి మామూలుగా చేసే మందులు, వ్యాయామం వంటి చికిత్స. ఆరు నెలల తరువాత గుణం కనిపించినవారు వరుసగా నూటికి 47.6, 44.2, 27.4.

ఈ అంకెలు ఇరుపక్షాలనూ ఇబ్బంది పెడుతవి. అసలు స్థానానికీ, దొంగ స్థానానికీ పెద్ద తేడా లేకపోతే 'చీ' అనే ప్రాణశక్తి ప్రవహించే నాడుల పటం ఎందుకు? అది సంప్రదాయానికి తగిలిన ప్రశ్న. ఎక్కడ గుచ్చినా మామూలు చికిత్స కంటె రోగికి మేలుగా ఉన్నదేమి? ఇది ఆధునిక వైద్యానికి తగిలిన ప్రశ్న. మనవారు దీనిని 'హస్తవాసి' అంటారు. దగ్గర కూర్చొని, నాడి పట్టి, నాలుగు మాటలు ఓపికగా వినే వైద్యుని వల్ల నొప్పి తగ్గటం అబద్ధం కాదు. అయితే హస్తవాసి నొప్పిని తగ్గించినట్లు మలేరియా క్రిమిని చంపదు. ఏది ఎక్కడ చాలునో, ఎక్కడ చాలదో తెలిపింది కూడ పరీక్షే.

ఓడటానికి సిద్ధపడిన నమ్మకం

'మీరు మాత్రం క్రిమిని కంటితో చూశారా? డాక్టరు చెప్పాడని మాత్ర మింగుతారు. అదీ నమ్మకమే కదా!' అని అడగవచ్చు. నిజమే. మనలో అత్యధికులకు అది నమ్మకమే. అంతకంటె పెద్ద నిజం కూడ ఉన్నది: ఐరోపా వైద్యులు శతాబ్దాల తరబడి మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని నమ్మారు, ఆ పేరుకు అర్థమే అది. 1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును చీల్చి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమి పెరుగుతున్న జాడను చూశాడు. ఆ దోమ ముందు పెద్ద పెద్ద ఆచార్యుల నమ్మకం నిలవలేదు.

నమ్మటం ఇరుపక్షాలా ఉన్నది. తేడా మరొక చోట ఉన్నది: ఏది జరిగితే తన నమ్మకం తప్పని ఒప్పుకోవాలో ముందే చెప్పగలదా, లేదా? తావో రసవాదులలో 'శవవిమోచనం' అనే భావం ఉండేది. సాధకుడు చనిపోయినట్లు కనిపించవచ్చు. అతడు శరీరాన్ని పాముకుబుసం వలె విడిచి అమరుడై పోయినాడని చెప్పేవారు. గె హోంగ్ కూడ అమరులలో అటువంటివారిని ఒక తరగతిగా పేర్కొన్నాడు. గుళిక మింగినవాడు బ్రతికితే మందు నిజం. చస్తే మరీ నిజం! ఇక ఆ మందు తప్పని చెప్పగల శవం లోకంలో ఉండదు. ఆ ఒక్క భావం వల్లనే శతాబ్దాల పాటు విషం అమృతంగా చెలామణి అయింది.

దీనికి ఎదురుగా ఆర్టెమిసినిన్ కథలోని ఇటీవలి ఘట్టాన్ని ఉంచి చూడండి. పశ్చిమ కంబోడియాలో మలేరియా క్రిమి ఈ మందుకు నెమ్మదిగా లొంగుతున్నట్లు 2008 ప్రాంతంలో బయటపడింది. ఆ సంగతి చాటినవారు ఆ మందు శత్రువులు కారు. దానిని వాడుతున్న వైద్యులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే దీనిని ఒంటరిగా గాక మరొక మందుతో జోడించి ఇవ్వాలన్నది. ఆకు టీగా తాగవద్దనీ చెప్పింది. టీలో మందు మోతాదు నిలకడగా ఉండదు, చాలీచాలని మోతాదు మొండి క్రిమిని పెంచుతుంది. తన గొప్ప విజయం కరిగిపోతున్నదని తానే లెక్కలు కట్టి చెప్పే నమ్మకాన్ని మతమని పిలవటం కష్టం.

ఫెయెరాబెండ్ హెచ్చరికలో మనం తీసుకోవలసింది ఒకటి మిగిలి ఉన్నది. అది ఈ పుటల వంటివాటికే వర్తిస్తుంది. 'శాస్త్రజ్ఞులు కనుగొన్నారు' అని వ్రాసి ఊరకున్న ప్రతిసారీ మనం విజ్ఞానాన్ని 'శాస్త్రం ఒప్పుకోదు' అనే ఆజ్ఞ స్థాయికి దించుతున్నాం. ఎట్లా కనుగొన్నారు, ఎన్నిసార్లు ఓడారు అన్నది చెప్పినప్పుడే పాఠకునికి నమ్మకానికి బదులు తెలివిడి కలుగుతుంది.

ఇంట్లో బిడ్డకు చలితో జ్వరం వస్తే ఈ చర్చ తత్త్వవేత్తలది కాదు, తల్లిదండ్రులది. ఒక నెత్తురు చుక్క తీయించి చూపించటం అమ్మమ్మ వైద్యాన్ని అవమానించటం కాదు. గె హోంగ్ ఆకు పసరును ప్రపంచం నేడు తలచుకొంటున్నదంటే, ఒకరు దానిని పూజించకుండా ప్రశ్నించినందువల్లనే. మన తాళపత్రాలలోని యోగాలకు కూడ మనం చేయగల అసలైన గౌరవం అదే: ఓడిపోయే అవకాశం ఇచ్చి పరీక్షించటం. గెలిచినది అప్పుడు చైనాదీ కాదు, మనదీ కాదు. జ్వరంతో ఉన్న ప్రతి బిడ్డదీ అవుతుంది.