గోష్ఠీకవిత్వము : ఒక పునర్విమర్శ

పద్యమును విమర్శించువాడు సాధారణముగ పుస్తకమును ముందుంచుకొని కూర్చుండును. కవి యొక్కడు, పాఠకుడొక్కడు, నడుమ అచ్చుపడిన పుట. మన ఆధునిక విమర్శ చాలవరకు ఈ యేర్పాటును ప్రశ్నింపకయే సాగినది. ప్రబంధములకు, ఖండకావ్యములకు ఇది సరిపోవును. కాని వారమునకో పక్షమునకో ఒకమారు కూడి, ముందుగ నీయబడిన యొక పాదమును పూరించి, ఒకరికొకరు వినిపించుకొను వారి కవిత్వమునకు ఇది చాలదని నా యభిప్రాయము. ఈ యభిప్రాయము నాకొక తప్పు చేసిన పిదప కలిగినది. ఆ తప్పును దాచి సిద్ధాంతమును మాత్రము చెప్పుట పరిశోధకునకు తగదు గనుక ముందు దానినే నివేదించెదను.

హైదరాబాదు పాతనగరమునకు దక్షిణమున చాంద్రాయణగుట్ట కలదు. గుట్టపై చెన్నకేశవస్వామి ఆలయము. ఆ ప్రాంతమునకు కేశవగిరి యను పేరును కలదు. దాపుననే, నిజాముల కాలపు అరబ్బు సైనికుల బారకాసులనుండి పేరు వడసిన బార్కస్. పెండ్లి యూరేగింపుల మర్ఫా వాద్యము చెవిని పడుచుండు ఆ పేటలో, ఒక విశ్రాంతోపాధ్యాయుని యింటి మిద్దెమీద, ఆదివారపు సాయంకాలములందు పదిపండ్రెండుగురు చేరి సమస్యాపూరణము చేయుచుందురు. వారిలో భాషాపండితులు ఇద్దరు ముగ్గురే. తక్కినవారిలో నొకరు తపాలా శాఖలో ఉద్యోగి, ఒకరు బట్టల దుకాణమున లెక్కలు వ్రాయువారు, ఇంకొకరు బస్సు కండక్టరుగా పనిచేసి విరమించినవారు. ఐదేండ్ల పూరణములను చేర్చి వారొక చిన్న పుస్తకము వేసికొనిరి. దానిపై సమీక్ష వ్రాయుమని నన్ను కోరిరి, వ్రాసితిని. ఒకే భావము అనేక పద్యములలో తిరుగుచున్నదనియు, ప్రాసకొరకు నిఘంటువునుండి తెచ్చిన మాటలే మరల మరల కనబడుచున్నవనియు, పాదపూరణార్థకములు మిక్కుటమనియు చెప్పితిని. లోపములకు ఉదాహరణములుగ గ్రహించిన పద్యములైదు. వానిలో మూడు ఆ కండక్టరుగారివి.

సమీక్షలో అసత్యమేదియు లేదు. ఆయన మాత్రము అటుపిమ్మట పద్యము వ్రాయుట మానెను.

కొన్ని నెలల తరువాత బస్సు నిలుచుచోట ఆయన కనబడి, నొచ్చుకొన్న జాడయైన లేక పలుకరించి, “సారూ, మీరు పద్యాలు చదివిండ్రు. మేం విన్నట్టు మాత్రం వినలేదు” అనెను. నేనాతని మాటను మొదట మర్యాదగా త్రోసిపుచ్చితిని. పిదప నొక ఆదివారము ఆ మిద్దె యెక్కి వింటిని.

అచట నేను గమనించిన దిది. వృత్తమున నీయబడిన సమస్య కవికి ఒక పాదమును మాత్రమే గాక ప్రాసాక్షరమును గూడ నిచ్చును. ఆ యక్షరము అందరికి నొక్కటే. ప్రాస సులభమైనచో చిక్కులేదు. కఠినమైనచో దానికి ఒదుగు మాటలు పదిపదునైదుకు మించవు. ఆ వారమంతయు ఆ పదునైదు మాటలతోనే ప్రతివాడును పెనగులాడి వచ్చియుండును. కావున ఒకడు చదువునప్పుడు తక్కినవారు విను విధము పాఠకుడు చదువు విధము వంటిది కాదు. తమ చేతికి అందిన మాటను ఇతడు విడిచెనా, గ్రహించెనా, గ్రహించినచో తమకు తోచని యే యన్వయమునకు దానిని త్రిప్పెను అని వారు చూచుచుందురు. కవి వదలివేసిన పద్యములు సైతము వారికి తెలియును. ఏలయన, వానిని తామును వ్రాసి కొట్టివేసినవారే. అచ్చుపుస్తకమున నాకు పునరుక్తిగా తోచినది గోష్ఠిలో శ్రుతివంటిది. ఆ సామ్యము వెనుక నుండుటచేతనే చిన్నభేదము పెద్దగా వినబడును. పుస్తకము ఆ శ్రుతిని అచ్చువేసి, భేదమును పట్టు చెవిని అచ్చువేయలేకపోయినది. నా సమీక్ష ఆ చెవి లేనివాని సమీక్ష.

ఈ తీరు వినికిడి పాతనగరమునకు క్రొత్తదియు కాదు, తెలుగువారికే పరిమితమైనదియు కాదు. చాంద్రాయణగుట్టనుండి ఫలక్‌నుమా, అలియాబాదు మీదుగా చార్మినారునకు పోవు త్రోవలో శాలిబండ కలదు. 1901 నుండి 1912 వరకును, మరల 1926 నుండి 1937 వరకును హైదరాబాదు ప్రధానామాత్యుడైన మహారాజా కిషన్ పర్షాదు దేవిడీ అచ్చటిదే. ఆయన ‘షాద్’ అను కవినామముతో ఉర్దూ కవిత్వము చెప్పినవాడు; ముషాయిరాలకు పోషకుడు. ఉర్దూలో ‘తరహీ’ ముషాయిరా యనునది మన సమస్యాగోష్ఠికి తోబుట్టువు. ముందుగనే ఒక మిస్రా నిత్తురు; కవులందరును అదే ఛందమున, అదే కాఫియా రదీఫులతో గజలు వ్రాసి తెత్తురు. షేరులోని మొదటి మిస్రాను కవి ఒకటి రెండు మారులు చదువును. సభ దానిని అందుకొనును. అంత్యప్రాస యేదియై యుండునో యని ఊహించు వ్యవధి శ్రోతకు దొరకును. అప్పుడు రెండవ మిస్రా వచ్చును. ఊహించిన మాటయే వచ్చినచో సభ కవితో గొంతు కలుపును. ఊహింపనిది వచ్చినచో ‘ముకర్రర్’ అని మరల చదివించును.

మన గోష్ఠికిని దీనికిని నొక భేదము కలదు. మనవారు పద్యమును తుదివరకు సాగనిచ్చి మెచ్చుకొందురు. ముషాయిరాలో మెప్పు పద్యము నడుమనే కలుగజేసికొనును. అందుచే ఉర్దూకవి ప్రతి రెండు పాదములకును శ్రోతకు జవాబుదారి. మన కవికి మూడు పాదములవరకు ఎవ్వరును అడ్డుపడరు. నిరర్థకపదములు మన పూరణములలో రెండు మూడు పాదములందే గూడు కట్టుకొనుటకు ఇది యొక కారణమని నా ఊహ. పాఠశాలలో ఉర్దూ మాధ్యమమున చదివిన సి. నారాయణరెడ్డి తెలుగున గజళ్లు వ్రాయుటయు, దాశరథి 1961లో ‘గాలిబ్ గీతాలు’ వెలువరించుటయు ఛందఃకుతూహలము మాత్రమే కాదు. సభ నడుమ బ్రతుకు పాదమెట్లుండవలెనో వారు ఈ నగరమున చెవులార విన్నవారు.

విడివిడిగ వ్రాయువారిని ఒకచోటికి చేర్చుట యనగానే సురవరము ప్రతాపరెడ్డి 1934లో ప్రకటించిన ‘గోలకొండ కవుల సంచిక’ జ్ఞప్తికి రాక తప్పదు. తెలంగాణమున కవులు పూజ్యమన్న యొక మాటకు ప్రత్యుత్తరముగా 354 మంది కవుల పద్యములు అందు చేరినవి. దానిని ముట్టిన ప్రతి విమర్శకుడును ఆ 354 మందిలో మహాకవులెందరని లెక్కింపబూనును. అందలి పద్యములన్నియు సమానస్థాయివి కావు. ఆ మాట చెప్పుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. అడుగవలసినది వేరొకటి. ఇందరు పిలిచినంతనే పద్యములు పంపగలుగుటకు వారి చేతులు అప్పటికే అలవాటుపడి యుండవలెను గదా! ఆ అలవాటు ఎచట పెరిగినది? సంచికకు ఎనిమిదేండ్లు ముందుగ 1926లో పుట్టి వారమునకు రెండుమారులు వెలువడిన ‘గోలకొండ పత్రిక’ యొకటి. 1922 నుండి ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు నడపిన ‘తెనుగు పత్రిక’ యింకొకటి. ఒక మారుమూల గ్రామమున కరణమో, బడిపంతులో పద్యము వ్రాసినచో దానిని చూచువాడొకడు కలడను నమ్మకము ఇట్టి పత్రికలవలన కలిగినది. సంచిక పంట; పత్రిక ఏటేట దున్నిన దుక్కి. మనము పంటను తూచి దుక్కిని మరచుచున్నాము.

కోస్తాలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి సభాపతిగా నడచిన సాహితీసమితి కథ వేరు. విశ్వనాథ, కృష్ణశాస్త్రి, నోరి నరసింహశాస్త్రి వంటి వారున్న సమితిని ఎవ్వరును చిన్నచూపు చూడరు. చరిత్ర రక్షించిన గోష్ఠికి నా వకాల్తా అక్కరలేదు.

ఐనను గోష్ఠులన్నియు మేలు చేయునని నేననను. మెచ్చుకొనుట మాత్రమే నేర్చిన గోష్ఠి కవిని త్వరగా చెరచును. చాంద్రాయణగుట్ట మిద్దెమీదను ఆ రోగము కొంత కలదు: పెద్దవారి పద్యమున గణము తప్పినను కొందరు తల వంచుకొని యూరకుందురు. అసంబద్ధమైన సమస్యను విరుపుతో గట్టెక్కించుటయే కవిత్వమనుకొను యువకు లిద్దరున్నారు. సమస్య లేనిదే వారి కలము కదలదు. ఈ దోషములను చెప్పవలసినదే. కాని వానిని చెప్పుటకు తగినవాడు ఆ వారము అదే ప్రాసతో పెనగినవాడు. వాని తిట్టులో సైతము తోడు కలదు. నా సమీక్షలో లేనిది అదియే. తీర్పులో పొరపాటు లేకపోయినను, తీర్పరి పెనగిన జాడ అందు లేదు.

గత సంవత్సరమునుండి నేనును పూరణ వ్రాసికొని పోవుచున్నాను. కండక్టరుగారు వచ్చుచున్నారు, చదువరు, గోడకానుకొని విందురు. నాల్గవ ఆదివారమున నా శార్దూలమున రెండవ పాదమున యతి తప్పినది. నేను గమనింపలేదు, పండితులు గమనించియు మిన్నకుండిరి. ఆయన చేయెత్తి ఆ పాదమును మరల చదువుమనెను.