విశ్రాంత జీవితమున విమాన చిత్రలేఖనము

బడిలోనో కచేరిలోనో బ్యాంకులోనో దీర్ఘకాలము గడియారమునకు లోబడి బ్రదికి, పదవీ విరమణానంతరము ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో పులివెందులలోనో స్థిరపడిన వారు మనసునకు వ్యాసంగ మేదని యడిగినచో, విమానములను చిత్రింపుడని నేను నిస్సంకోచముగ చెప్పుదును. కడప విమానాశ్రయము 2015లో తెరువబడినది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకపు తొలి సర్వీసులతో పాటు కడప–హైదరాబాదు సర్వీసును ప్రధాని ప్రారంభించిరి. ఏటీఆర్-72 విమానము నాటినుండి మన యాకాశమునకు పరిచితమైనది. కన్నులయెదుట నున్నదానిని చిత్రించుటకు సంకోచ మెందులకు?

ఈ కళకు పరంపర కలదు. ఇటలీ దేశపు ఫ్యూచరిస్టులు 1929లో విమాన చిత్రకళాప్రకటనను వెలువరించిరి. ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ వూటన్ 1944లో నార్మండీ యుద్ధరంగమునకు పోయి వాయుసేన విమానములను చిత్రించెను. మనదేశమున వాయుసేనాధికారియైన గ్రూప్ కెప్టెన్ దేబ్ గొహాయిన్ ఈ కళయందే ప్రసిద్ధి గాంచిరి.

మొదటి పాఠము ఇంటి నేలయే నేర్పును. గది మూలన కూర్చుండి, పరచిన కడప బండల సందులు దూరమునకు పోవుకొలది యెట్లు దగ్గరగునో, చతురస్రము లెట్లు కురుచయగునో గీచి చూచినవానికి, రెక్కలు ఏల యొకటి పొడవుగ, మరియొకటి పొట్టిగ కనబడునో బోధపడును. ఏటీఆర్-72 నిడివియు రెక్కల వెడల్పును రెండును ఇంచుమించు 27 మీటర్లే. కనుక దానిని ఒక చతురస్రములో నిమిడ్చి, ఆ చతురస్రమును బండవలె వాల్చిన చాలును. పిదప ప్రొపెల్లరు. వాలుగ కనబడు వృత్తము దీర్ఘవృత్తమగును; దాని కురుచ యక్షము ఇరుసు దిశనే నిలువవలెను. ఈ యొక్క నియమము తప్పిన చిత్రము, ఎంత రంగులద్దినను, ఎగురదు. తిరుగుచున్న ఆరు రెక్కలను లెక్కించి గీయరాదు. పలుచని పొరగ సూచించిన చాలును.

నేలనుండి చూచువానికి విమానపు కడుపే గాని వీపు కానరాదు. ఇందుకు మనకు గండికోట కలదు. పెన్న కోసిన లోయ యంచున నిలిచినచో, క్రింద తిరుగు గ్రద్దల వీపులను పైనుండి చూడవచ్చును. మలుపు తిరుగునపుడు ఒక రెక్క వెలుగై, మరియొక రెక్క నీడయై, పొడవు తగ్గుట యెట్లో అచట తెలియును. ఇట్టి చిత్రశాల ఎన్ని జిల్లాలకున్నది? పెన్సిలుతో త్వరత్వరగ గీచిన వంద రేఖాచిత్రములు ఒక్క ఛాయాచిత్రముకంటె ఎక్కువ చెప్పునని నా దృఢవిశ్వాసము.

రంగుల విషయమున తొందర కూడదు. తెల్లని విమానము తెల్లగ నుండదు: వీపు ఆకాశపు నీలమును, కడుపు నేలరంగును గ్రహించును. ప్రొద్దుటూరి నల్లరేగడిపై నొకరీతిగ, జమ్మలమడుగు ఎఱ్ఱరాళ్లపై మరియొక రీతిగ, పులివెందుల చీనీ, అరటి తోటల పచ్చదనముపై వేరొక రీతిగ ఆ ఛాయ మారును. నీటిరంగులతో వేయువారు వెలుగు పడుచోట కాగితమునే వదలవలెను. ఆకాశము దిగంతమున పలుచబడుననుటయు మరువరాదు.

చేయి కుదిరినవారు విశాఖపట్టణపు సముద్రతీర రహదారిపై 2017 నుండి ప్రదర్శనలో నున్న టీయూ-142 నౌకాదళ విమానమును చిత్రింప బోవలెను. ఇంజనుకు రెండేసి ప్రొపెల్లర్లు ఒకదానివెనుక నొకటి ఎదురుబొదురుగ తిరుగునట్లు నిర్మింపబడినవి. అవి నిశ్చలముగ నుండుటచే పై నియమమును తీరికగ పరీక్షింపవచ్చును. ఉదయముననే పోవుట మేలు. ఎండ సముద్రముపైనుండి ఏటవాలుగ పడి, రివెట్ల వరుసలను సైతము విడివిడిగ చూపును.