చెట్ల తలలపైన గాలి లెక్క

నందిగామ, జగ్గయ్యపేట మెట్టన సుబాబుల్, జామాయిల్ తోటలకు కొదవ లేదు. హైదరాబాదు హైవే పోయేదీ ఆ మెట్ట మీదుగానే. ఎండ ముదిరితే జామాయిల్ ఆకులు ఐసోప్రీన్ అనే వాయువు వదులుతాయి. లారీల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు దానికి తోడైతే, ఆ ఎండలోనే ఓజోన్ పుడుతుంది. చెట్ల తలల మీద ఇంత వంట జరుగుతుంటే చూసేదెవరు?

చెట్ల మీద వాయువుల రాకపోకలు చూసేవాళ్లున్నారు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం వాళ్లు మధ్యప్రదేశ్‌లోని బేతుల్ టేకు అడవిలో, చెట్లను మించిన టవరు మీంచి కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి రాకపోకలు లెక్కగట్టారు. ఇలాంటి టవరు మీద ఉండేది శబ్దంతో గాలిని కొలిచే యంత్రం. ఎదురెదురు కొమ్ముల మధ్య శబ్దం అటూ ఇటూ పరుగెడుతుంది; గాలివాలున పోయేది ముందు చేరుతుంది. ఆ పిసరంత తేడాలోంచే గాలి వేగం తేలుతుంది, సెకనుకు 10, 20 సార్లు! పక్క యంత్రం వాయువు పాలు చూస్తుంది. పైకి లేచిన సుడి ఎంత మోసుకెళ్లింది, దిగినది ఎంత తెచ్చింది? అరగంట లెక్క కూడితే అడవి ఇచ్చిందో పుచ్చుకుందో తెలుస్తుంది. కళ్లంలో చేట ఎత్తి గాలివాటం పట్టిన రైతుకు ఇదేం వింత కాదు.

వాయువు చూసే యంత్రం అద్దం మీద మంచుబొట్టు పడితే ఆ అరగంట వృథా. దుమ్ము పేరుకుంటే బెల్టు కట్టుకుని ఎక్కి, మెత్తటి గుడ్డతో తుడిచి దిగాలి.

ఆనక కంప్యూటరులో అడవిని అరలుగా పేర్చి, ఏ అరకు ఎంత ఎండ, ఎంత గాలి దక్కుతుందో చూసి, ఓజోన్ ఎంత రావాలో లెక్క వేస్తారు. టవరు మీద ఓజోన్ కొలిస్తే వచ్చిన అంకెతో కుదరకపోతే మళ్లీ మొదటికే.