ఆంగ్లమున శాస్త్రరచనయు వ్యాకరణ సంస్కారమును

పరభాషలో మాటలాడుట యొకటి, ఆ భాషలో శాస్త్రము వ్రాయుట వేఱొకటి. మాటలాడునపుడు స్వరమును, ముఖభంగియు, ఎదుటివాని ప్రశ్నయు లోపమును బూరించును. వ్రాయునపుడు వాక్యమొక్కటియే రచయితకు సాక్షి. కావుననే ఆంగ్ల వ్యవహారమున నిపుణులైన తెలుఁగువారును పరిశోధన గ్రంథమునకుఁ బూనినపుడు తడఁబడుదురు. ఆ తడఁబాటును "ఆంగ్లము రాకపోవుట" యని యొక్క మాటతోఁ ద్రోసివేయుట విమర్శ కాదు. దోషమెచటఁ బుట్టెనో చూపినదే విమర్శ.

ఈ విషయమునకు హైదరాబాదు తగిన పరీక్షాస్థానము. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా గ్రహించి, ఆంగ్లమును అవశ్యపఠనీయమైన యొక విషయముగా నిలిపెను. 1948 తరువాత బోధనభాషాస్థానము ఆంగ్లమునకు సంక్రమించెను. పాతనగరమున, మూసీ దక్షిణతీరమందున్న సిటీ కళాశాల యీ రెండు కాలములను జూచినది. 1958లో ఆంగ్లోపాధ్యాయుల శిక్షణకై కేంద్రీయ ఆంగ్లభాషాసంస్థ యీ నగరముననే వెలసెను. అదియే నేఁటి ఆంగ్ల, విదేశభాషల విశ్వవిద్యాలయము. సంస్థలు పెరిగినవి. ఐనను ఇంట తెలుఁగో ఉర్దూయో మాటలాడు విద్యార్థి వ్రాసిన వాక్యము ప్రక్కన ఎఱ్ఱసిరాతో గీఁత గీయు వారెక్కువ, ఆ గీఁతకుఁ గారణము చెప్పువారు తక్కువ. కారణమెఱుఁగని విద్యార్థి తన యూహయే తప్పని తలఁచి దానిని విడిచిపెట్టును. నష్టమిచట భాషకుఁ గాదు, జ్ఞానమునకు.

దీనికొక పూర్వపక్షము కలదు. అమెరికా పండితుఁడు రాబర్టు కాప్లను 1966లో, ఆంగ్లేయుల రచన ఋజురేఖవలె నడచుననియు, ప్రాచ్యుల రచన చుట్లు చుట్లుగాఁ దిరుగుననియు రేఖాచిత్రములతోఁ జూపెను. దోషము వాక్యమునందుఁ గాదు, చింతనమునందే యున్నదని దీని తాత్పర్యము. తరువాతివారు దీని నాక్షేపించిరి. కాప్లను తానును గొంత సడలించెను. మన శాస్త్రపద్ధతి నెఱిఁగినవారి కీ మాట నిలువదని వేఱుగఁ జెప్పఁబనిలేదు. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యని గ్రంథారంభముననే నాలుగనుబంధములను గోరిన సంప్రదాయమును వక్రమనుట యెట్లు? ఆంగ్ల పరిశోధన వ్యాసపు ఉపోద్ఘాతము నేఁడు కోరునదియు నించుమించుగా నిదియే. కావున చింతనము నిందింపక వాక్యమును బరిశీలింపవలయును.

అందు ముఖ్యమైనది క్త్వార్థకము. సమానకర్తృకములైన రెండు క్రియలలోఁ బూర్వకాలమందలి క్రియకు పాణిని క్త్వాప్రత్యయమును విధించెను. ఇచటఁ గర్త యనఁగాఁ బ్రథమావిభక్తి గల పదమని కాదు, క్రియయందు స్వతంత్రుఁడని యర్థము. కావునఁ బండితునిచేఁ బ్రతులను బరిశీలించి కాలము నిర్ణయింపఁబడెననుట సంస్కృతరీతికి నిర్దుష్టము. పరిశీలించినవాఁడును నిర్ణయించినవాఁడును నొక్కఁడే గదా. ఆ సంస్కారముతోనే రచయిత "హేవింగ్ ఎగ్జామిన్డ్ ది మాన్యుస్క్రిప్ట్స్, ది డేట్ వాజ్ ఫిక్స్డ్" అని వ్రాయును. ఆంగ్లమున నట్టి కృదంతము ప్రధానవాక్యపు ప్రథమాంతపదముతో నన్వయించును గాన, ప్రతులను బరిశీలించినది "డేట్" అని తేలును. రచయిత వ్యాకరణ మెఱుఁగనివాఁడు కాఁడు; ఒక వ్యాకరణపుఁ గర్తను వేఱొక వ్యాకరణమునకుఁ గొనిపోయినవాఁడు. ఆంగ్లమునను బ్రసిద్ధులు కొందఱీ నియమమును దాఁటిరి. కాని సందేహమునకుఁ దావీయరాని శాస్త్రవాక్యమున నది యనుకరణీయము కాదు. "ది స్కాలర్ ఫిక్స్డ్ ది డేట్ ఆఫ్టర్ ఎగ్జామినింగ్ ది మాన్యుస్క్రిప్ట్స్" అని కర్తను ముందునకుఁ దెచ్చినచో దోషము తొలఁగును.

రెండవది పరమతానువాదము. సంస్కృతమున "ఇతి", తెలుఁగున "అని" యన్యుల మాటకుఁ జివరఁ జేరును. పాఠకుఁడు చివరివఱకు నోపికపట్టుటకు నలవడినవాఁడు. ఆంగ్లపాఠకుఁడట్లు కాఁడు, మతమెవరిదో మొదటనే తెలియఁగోరును. మన శాస్త్రపద్ధతి నలవఱచుకొన్నవాఁడు పూర్వపక్షమును ఖండికయంతయుఁ దన మాటవలెనే పలికి పిదప ఖండించును. అది చదివిన ఆంగ్లపరీక్షకుఁడు రచయిత తన్నుఁ దానే కాదనుకొన్నాఁడని తలఁచును. పూర్వపక్షమును విడువఁబనిలేదు, అది శాస్త్రమునకుఁ బ్రాణము. దాని గుర్తును మాత్రము వాక్యాంతమునుండి వాక్యాదికి మార్పవలయును.

మూఁడవది "ఎ", "ది" యను చిన్నపదములు. తెలుఁగున వీనికి సమానములు లేవు. "ఒక" సంఖ్యావాచకమే కాని యన్నిచోట్ల "ఎ"కు సరిపోదు. శ్రోత కిదివఱకే సిద్ధమైనదానికి "ది", క్రొత్తగాఁ బ్రవేశపెట్టఁబడు నేకవస్తువునకు "ఎ" యని చెప్పినచో విద్యార్థికి సగము త్రోవ తెలియును. నదుల పేర్లకు "ది" చేరుటయు, నగరముల పేర్లకుఁ దఱచుగాఁ జేరకపోవుటయు వంటివి గణపాఠమువలె వల్లెవేయవలసినవే.

ఇఁక ఘనపదవ్యామోహము. దీర్ఘసమాసమునందలి ప్రీతి ఆంగ్లమున నామపదముల వరుసగాఁ బరిణమించి, క్రియను మఱుఁగుపఱచును. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁటిని గోరిన శాబ్దబోధశాస్త్రమే దీనికి మందు. కర్తకుఁ గ్రియ సన్నిహితముగా నుండవలయునన్న యొక్క నియమము వేయి దిద్దుబాట్లను దప్పించును.

దీనినిబట్టి తేలునదేమనఁగా, ఆంగ్లరచన బాగుపడుటకు మాతృభాషావ్యాకరణమును మఱచుట యుపాయము కాదు. రెండు వ్యాకరణములు విడిపోవు కూడలులను గుర్తించుటయే యుపాయము. ఆంగ్లోపాధ్యాయుఁడు దిద్దునపుడు దోషమునకుఁ బేరును, అది వచ్చిన త్రోవయు నొక్క పంక్తిలోఁ జూపవలయును. పాఠశాలాపండితుఁడు క్త్వార్థకమును బోధించునపుడే, ఆంగ్లమున దాని మాఱురూప మెట్లు నడచునో రెండుదాహరణములతోఁ దెలుపవలయును. ఈ యిరువురును గలసి పనిచేసిననాఁడు విద్యార్థి వాక్యమునకు జడిసి తన యూహను విడువఁడు.