గంటలు ఎవరు లెక్కగట్టాలి

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో నడిచిన ఒక కేసు వివరాలు ఈ వారం మళ్లీ చదివాను. అందులో అధికారుల వైపు నుంచి వచ్చిన ఒక జవాబు దగ్గర కోపం ఆగలేదు. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పేదలకు ఇంటి దగ్గరే సహాయకులను పెట్టే పథకం అక్కడ పేదల వైద్యానికి ప్రభుత్వం నడిపే మెడికెయిడ్ కింద ఉంది. వారానికి ఎన్ని గంటల సహాయం ఇవ్వాలన్నది 2016కు ముందు ఇంటికి వచ్చి చూసిన నర్సు విచక్షణకు వదిలేవారు. ఆ ఏడాది నుంచి నర్సు పని ప్రశ్నలు అడిగి జవాబులు నమోదు చేయడం వరకే. గంటలు తేల్చేది ఒక లెక్క సూత్రం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒకావిడకు వారానికి 56 గంటలు ఉన్న సహాయం 32 గంటలకు పడిపోయింది. ఆవిడ పరిస్థితి ఏమీ మెరుగుపడలేదు. ఎందుకు తగ్గిందని అడిగినవాళ్లకు దొరికిన జవాబు, కంప్యూటర్ అలా నిర్ణయించిందని. తగ్గింది రోజుకు దాదాపు మూడున్నర గంటలు. మంచం మీంచి దించడానికి, మరుగుదొడ్డికి తీసుకెళ్లడానికి, నోట్లో ముద్ద పెట్టడానికి ఇంకో మనిషి కావలసిన వాళ్లకు ఆ మూడున్నర గంటలు ఎంతటివో విడమరచి చెప్పక్కర్లేదు.

మనుషుల కష్టాన్ని ఫారాల్లోని గళ్లకు కుదించడం మీద నాకున్న అనుమానం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఆ అనుమానానికి ఆధారాలు ఈ కొలతల చరిత్రలోనే ఉన్నాయి. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డి, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తినడం అనే ఆరు పనులతో సిడ్నీ కాట్జ్ బృందం క్లీవ్‌లాండ్‌లో తయారుచేసిన కొలత 1963లో అచ్చయింది. 1965లో వచ్చిన బార్తెల్ సూచికలో తిండి గురించిన అంశం పళ్లెంలో ఉన్నదాన్ని కోసుకోగలరా అని చూస్తుంది. అన్నం కలుపుకొని చేత్తో తినే ఇంట్లో ఆ ప్రశ్నను అలాగే అడిగితే ఏమీ తేలదు. 1969లో లాటన్, బ్రోడీ రాసిన జాబితాలో ఫోను, కొట్టుకు వెళ్లడం, వంట, ఇంటిపని, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు, డబ్బు వ్యవహారం అని ఎనిమిది ఉన్నాయి. అందులో మగవాళ్లకు వంట, ఇంటిపని, బట్టలు వదిలేసి ఐదింటికే మార్కులు వేసేవారు. ఆ కాలపు ఇంటి కట్టుబాటు శాస్త్రంలోకి అలా చేరిపోయింది. భార్య పోయాక ఒంటరిగా మిగిలిన మగమనిషికి వంట రాకపోవడమే పెద్ద ఆపద. ఆ జాబితా దాన్ని చూడదు.

జర్మనీ ఇంకో దారిలో పోయింది. 1995లో వచ్చిన అక్కడి సంరక్షణ బీమా అవసరాన్ని నిమిషాల్లో కొలిచింది. ఒళ్లంతా కడగడానికి 20 నుంచి 25 నిమిషాలు, పళ్లు తోమడానికి 5, తల దువ్వడానికి 1 నుంచి 3 అని పరిశీలకులకు మార్గదర్శకాలు ఉండేవి. రోజుకు సగటున కనీసం 90 నిమిషాల అవసరం ఉంటేనే మొదటి స్థాయి సాయం దక్కేది. మతి తప్పిన తల్లి రోజంతా తలుపు తీసుకుని బయటికి పోకుండా కాపలా ఉండే కూతురి శ్రమకు ఆ నిమిషాల్లో దాదాపు చోటే లేదు. 2000లో మొదలైన జపాన్ పథకంలోనూ కంప్యూటర్ తొలి అంచనా సంరక్షణకు పట్టే సమయం మీదే నడిచింది. కాళ్లు బాగా ఆడుతూ బుద్ధి మాత్రం మసకబారిన వృద్ధులకు తక్కువ స్థాయి వస్తోందని అక్కడా ఫిర్యాదులు వచ్చాయి.

ఇవన్నీ చూస్తే ఫారాన్ని పక్కన పెట్టి అనుభవమున్న నర్సు కళ్లకే వదిలేయడం మేలనిపిస్తుంది. నా మొగ్గు చాలాకాలం అటే. కానీ పై లోపాలు మనకు ఎలా తెలిశాయి? కాగితం మీద ఉన్నాయి కాబట్టే. జర్మనీలో నిమిషాల పట్టికలు అందరూ చదవగలిగారు, ఏళ్ల తరబడి వాదించారు. 2017 జనవరి నుంచి నిమిషాలు పోయి, మనిషి తనంతట తాను ఎంతవరకు నెట్టుకురాగలడన్న దాని మీద ఐదు స్థాయిలు వచ్చాయి, మతికి సంబంధించిన కష్టాలకూ లెక్కలో బరువు దక్కింది. జపాన్ 2009 ఏప్రిల్‌లో ప్రశ్నలను మారిస్తే స్థాయిలు పడిపోతున్నాయని గోల లేచింది, ఆ అక్టోబరుకే నిబంధనల వివరణను సవరించాల్సి వచ్చింది. ఆర్కన్సాలోనూ అంతే. సూత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడంలో తప్పు జరిగిందని, సెరిబ్రల్ పాల్సీ సరిగా లెక్కకు రాక వందలమందికి గంటలు తప్పుగా తేలాయని న్యాయపోరాటంలో బయటపడింది. అదే తప్పు ఒక నర్సు మనసులో జరిగి ఉంటే ఏ న్యాయవాదీ దాన్ని తవ్వి తీయలేడు. ఒకే వీధిలో ఒకే అవస్థలో ఉన్న ఇద్దరికి వేరువేరు గంటలు వస్తే, ఎందుకని అడగడానికి ఆధారమే ఉండదు. విచక్షణ మాటకారి కుటుంబానికి, పలుకుబడి ఉన్న కుటుంబానికి ఎక్కువ ఇస్తుంది. నోరులేనివాళ్లకు మిగిలే రక్ష అందరినీ ఒకేలా అడిగే ప్రశ్నలే.

మంచి ప్రశ్నావళి నర్సు కళ్లను కప్పెయ్యదు, ఇంకా తెరుస్తుంది. న్యూజిలాండ్‌లోనూ కెనడాలోని చాలా రాష్ట్రాల్లోనూ వాడే ఇంటర్‌రాయ్ పద్ధతిలో స్నానం చేయగలరా అని అడగరు. గడిచిన మూడు రోజుల్లో స్నానం ఎలా జరిగింది, ఎవరు ఎంత సాయం చేశారు అని చూస్తారు. ఇంటికి ఎవరొచ్చినా నాకేం, నా పనులు నేనే చేసుకుంటున్నానని చెప్పే పెద్దలు మన ఇళ్లలో ఎందరో. ఆ గౌరవం వాళ్లకు అవసరం, కానీ దానివల్ల వాళ్లకు రావలసిన సాయం పోకూడదు. మూడు రోజుల లెక్క ఆ గౌరవాన్ని నొప్పించకుండానే నిజం రాబడుతుంది. చూసుకునే మనిషి అలసిపోయిందా, ఇక తనవల్ల కాదంటోందా అని కూడా ఆ ఫారం అడుగుతుంది. పడక పుండ్లు, నొప్పి, దిగులు, పడిపోయే ప్రమాదం ఉన్నచోట హెచ్చరిస్తుంది.

ఆర్కన్సాలో వాడినవి కూడా ఆ పద్ధతి ప్రశ్నలే. చెడింది ఆ తర్వాత. జవాబులను బట్టి మనుషులను గుంపులుగా విడదీసే సూత్రం మొదట నర్సింగ్ హోములకు చెల్లింపుల కోసం పుట్టింది. ఒక గుంపుకు సగటున ఎంత ఖర్చవుతుందో చెప్పడానికి అది పనికొస్తుంది. ఆ సగటును ఒక్క మనిషికి రేషనుగా కోసి ఇవ్వడం, కారణం చెప్పకపోవడం, నర్సుకు దాన్ని మార్చే అధికారం లేకుండా చేయడం, ఈ మూడూ కలిసి జనాన్ని పస్తు పెట్టాయి. నోటీసులో కారణం చెప్పి తీరాలని 2016లో ఫెడరల్ కోర్టు అంది. ప్రజలకు సరిగా తెలియజేయకుండా తెచ్చిన నిబంధన చెల్లదని 2018లో రాష్ట్ర కోర్టు కొట్టేసింది. రెండు తీర్పులూ ప్రశ్నలు అడగడాన్ని తప్పుపట్టలేదు.

ప్రశ్నలూ మార్కులూ బయటపెడితే జనం అబద్ధాలు చెబుతారన్నది అధికారులు తరచూ చెప్పే మాట. కొందరు చెబుతారు. అయితే దళారులకు ఏ ఫారమైనా ముందే తెలుస్తుంది. దాచిపెడితే నష్టపోయేది నిజం చెప్పేవాడే. ఇంటికెళ్లి మంచం, మరుగుదొడ్డి, మందుల డబ్బా చూసి అడిగే నర్సు దగ్గర మూడు రోజుల కట్టుకథ నిలబెట్టడం సులువు కాదు. రోగం రోజుకొకలా ఉంటుంది, ఫారం ఒక్క పూటనే చూస్తుందన్న అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. దానికి విరుగుడు మళ్లీ మళ్లీ చూడటం, నర్సు రాతపూర్వకంగా కారణం చూపి స్కోరును దాటగలగడం.

మన దగ్గర దివ్యాంగులకు ఇచ్చే సదరం సర్టిఫికెట్ వైకల్యం శాతం చెబుతుంది. అది శరీరంలో ఏది ఎంత దెబ్బతిన్నదో కొలుస్తుంది. పొద్దున లేపి కూర్చోబెట్టేది ఎవరో అడగదు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది, దేశంలోనే పెద్ద మొత్తాల్లో ఒకటి. 2025లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగి నోటీసులు వెళ్లాయి, అప్పీళ్లు వచ్చాయి. మంచం దిగలేని మనిషిని క్యాంపుకు మోసుకెళ్లి శాతం రాయించే పద్ధతికి బదులు, ఇంటికే వెళ్లి మూడు రోజుల ప్రశ్నలు తెలుగులో అడిగే ఫారం కావాలి. ప్రశ్నలు సచివాలయం గోడ మీద అంటించి ఉండాలి, జవాబుల నకలు ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి. దానికి చట్టం అడ్డు కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 38వ సెక్షన్ ఎక్కువ తోడ్పాటు కావలసినవారు దరఖాస్తు పెట్టుకోవచ్చని, ఒక బోర్డు వాళ్ల అవసరాన్ని అంచనా వేయాలని ఇప్పటికే చెబుతోంది. ఆ బోర్డు ఏ ప్రశ్నలు అడుగుతుందో రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు జనానికి చూపించాలి. ఆ ఫారంలో చూసుకునే కోడలికీ కూతురికీ కూడా ఒక గడి ఉండాలి.