గేటు గడియ

భూస్థాపన చేయించడానికి పాస్టరుకు సిద్ధపడే వ్యవధి దొరకదు. తెల్లారకముందే తలుపు తడతారు. మధ్యాహ్నానికల్లా సమాధి తోటలో నిలబడి ఆ ఇంటివాళ్ల కళ్లలోకి చూస్తూ మాట్లాడాలి.

పదకొండేళ్ల కిందట అలాగే మా సంఘంలోని కుర్రాడొకడు వచ్చాడు. "నాన్న పోయాడు అయ్యగారూ, మీరు రావాలి" అన్నాడు. ఆ తండ్రి బాప్తిస్మం తీసుకోలేదు. నాకు పైనున్న పెద్దాయనకు ఫోన్ చేశాను. వద్దన్నారు. "పైవాళ్లు ఒప్పుకోలేదు నాయనా" అని చెప్పాను. అతను మారు మాట్లాడలేదు. చెప్పులు తొడుక్కుని బయటికి నడిచి, గేటు గడియ జాగ్రత్తగా పెట్టి మరీ వెళ్లాడు.

జర్మన్ పాస్టరు డీట్రిచ్ బాన్‌హోఫర్ పేరు ఎక్కడ కనబడినా నాకు ఆ గడియ చప్పుడే వినిపిస్తుంది. 1933 ఏప్రిల్. జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కి మూడు నెలలైనా నిండలేదు. బాన్‌హోఫర్ కవల చెల్లెలు సబీనె మామగారు చనిపోయారు. ఆయన యూదుడు, బాప్తిస్మం లేదు. అంత్యక్రియల్లో ప్రసంగించమని ఇంటివాళ్లు అడిగారు. ఈయన తన పై అధికారిని సంప్రదించాడు. వద్దని సలహా వచ్చింది. మానుకున్నాడు. యూదుల పట్ల రాజ్యం చేస్తున్నదాన్ని సంఘం నిలదీయాలని అదే నెలలో వ్యాసం రాసింది కూడా ఈయనే! కాగితం మీద ఉన్న ధైర్యం, సొంత చెల్లెలి గుమ్మం ముందు నిలబడలేదు.

ఆ నవంబరులో లండన్ నుంచి చెల్లెలికీ బావకీ ఉత్తరం రాశాడు. అంతలా ఎందుకు భయపడ్డానో తనకే తెలియడం లేదని ఒప్పుకుని, క్షమించమన్నాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్‌ నాజీ శిబిరంలో ఉరికంబం ఎక్కిన బాన్‌హోఫర్ గురించి అందరూ ప్రసంగిస్తారు. నాకు మాత్రం ఈ ఉత్తరం రాసిన మనిషే దగ్గరివాడు.

పెద్దల్ని అడగడం తప్పని నేననను. సంఘంలో క్రమం ఉండాలి. కానీ ఆ రోజు ఫోన్ చేస్తున్నప్పుడే, వద్దంటే బాగుండునని నా లోపల ఉంది. వాళ్లు వద్దన్నారు, నా మనసు తేలికపడింది. దానికి విధేయత అని పేరు పెట్టుకున్నాను.

నిరుడు వాళ్లింటికి వెళ్లాను. "ఆ రోజు రానన్నది పైవాళ్లు కాదు, నేనే. నన్ను క్షమించు" అన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు. కుర్చీ తెచ్చి వేశాడు.

"అమ్మ లోపల ఉంది అయ్యగారూ. ఆమెకూ చెప్పండి."