తప్పుల పట్టీ

ఈ వారం నాకు ఒళ్లు మండించింది ఒక రికార్డు. మా చెల్లెలి బిడ్డ ఇక్కడే హనుమకొండలో బీఈడీ చదువుతున్నది. సమ్మిళిత విద్య పేపరు కోసం, చదువులో వెనకబడ్డ ఒక పిల్లవాడి మీద కేస్ స్టడీ రాయాలి. రికార్డులు ఎట్లా పుడతాయో నా పాఠకులకు చెప్పనక్కర్లేదు. సీనియర్‌ది చూసి జూనియర్, ఆ సీనియర్ అంతకు ముందువాళ్లది చూసి. అందులోని పిల్లవాడు ఇంగ్లీషు ‘బీ’ రాయమంటే ‘డీ’ రాస్తాడు, ‘పీ’ని ‘క్యూ’ చేస్తాడు. చదివేదేమో తెలుగు మీడియం మూడో తరగతి. ఎన్ని బ్యాచ్‌లు పాసై వెళ్లినా వాడు మాత్రం మూడో తరగతి దాటడు.

కాపీ సంగతి పక్కన పెట్టండి, ఆ బీ, డీలే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. మన పిల్లలు తడబడే చోట్లు వేరు. ‘ప’కూ ‘వ’కూ తేడా తలకట్టు అతకడంలో ఉంది. ‘ప్ర’ పలికేటప్పుడు ‘ర’ వెనక వస్తుంది. రాతలో క్రారవడి ఎడమ నుంచే అక్షరాన్ని చుట్టేస్తుంది. ‘కై’లో గుర్తు సగం పైన, సగం కింద. పైగా మనది పలికినట్టు రాసే భాష. అలాంటివే అయిన ఇటాలియన్, జర్మన్ భాషల్లో డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, తప్పుల్లో కన్నా నెమ్మదిలో ఎక్కువగా బయటపడుతుందని పరిశోధకులు చెబుతారు. మన దగ్గర కూడా తప్పు లేకుండా, కానీ కూడబలుక్కుంటూ చదివే పిల్లలుంటారు. వాళ్లకు మనం పెట్టే పేరు బద్ధకం.

నా శ్రుతలేఖనం పిచ్చి మీకు తెలిసిందే. దాన్ని బళ్లలోంచి తీసేశారని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు ఏడ్చానో. మా చిన్నప్పుడు శనివారం వచ్చిందంటే తెలుగు సారు డిక్టేషన్ చెప్పేవారు. ఎవరికెన్ని తప్పులో కాగితం మీద రాసి గోడకు అంటించేవారు. ఆ పట్టీలో నా పక్క కూర్చునేవాడి పేరే ఎప్పుడూ అడుగున. వాడు ‘ప్రజ’ను ‘పజ’ అనేవాడు, ‘చంద్రుడు’ను ‘చందుడు’ అనేవాడు. నోటితో కాదు, కలంతో. తప్పు పదాన్ని పదిసార్లు రాయమంటే పదిసార్లూ చక్కగా రాసేవాడు. మళ్లీ శనివారం మళ్లీ ‘పజ’. సారు చెడ్డవారు కారు. వాడి కోసం సాయంత్రాలు ఆగేవారు. ఆగి, ఇరవైసార్లు రాయించేవారు. వాడి తప్పులన్నీ ఒత్తుల దగ్గరే కుప్ప పడుతున్నాయని ఆ పట్టీ చెప్పలేదు. అది లెక్క మాత్రమే చెప్పేది.

ఈ కథ చెబితే మా పిల్ల రికార్డు మూసేసింది. టీచింగ్ ప్రాక్టీస్‌కు వెళ్లిన బడిలో డిక్టేషన్ పెట్టి కాగితాలు పట్టుకొచ్చింది. “మామా, మార్కులు ఎయ్యకు. ఎవరు ఏడ తప్పుతున్నరో గీత గియ్యి” అన్నది. ఇద్దరం కూర్చున్నాం. ఒకరికి ఒత్తులు, ఒకరికి దీర్ఘాలు. ఇంకొక పిల్ల తండా నుంచి వస్తుంది, ఇంట్లో గోర్‌బోలీ. ఆమెకు మాట కొత్త గానీ అక్షరం బరువు కాదు. వీళ్లందరినీ ఒకే గాటన కట్టేయడం ఎంత సులువో!

అక్కడే నా పాత వాదం లేచింది. పిల్లలకు ముద్రలు వేయొద్దు, ఏ ఒత్తు రాదో అది నేర్పితే చాలు, సర్టిఫికెట్లెందుకు అన్నాను.

“మరి పదో తరగతిల?” అన్నది. “మూడు గంటల పరీక్షకు ఇంకో గంట ఎవరిస్తరు, నువ్వా?”

జవాబు లేదు. 1995 వికలాంగుల చట్టంలో ఈ పిల్లల ఊసే లేదు. 2016 చట్టం 21 వైకల్యాల్లో డిస్లెక్సియాను చేర్చింది, పిల్లల్లో తొందరగా గుర్తించి తగినట్టు బోధించాలని బళ్లకు చెప్పింది. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలన్నవి 2018 కేంద్ర మార్గదర్శకాలు. వాటి ప్రకారం ఆ సమయం కావాలంటే 40 శాతం వైకల్యం ఉందన్న కాగితం ఉండాల్సి ఉండేది. నా పక్కవాడికి ఆ కాగితం ఉంటే ముద్రేదో పడేది. గోడ మీది పట్టీ కన్నా పెద్ద ముద్రేం కాదు.

కాబట్టి సర్టిఫికెట్ ఉండాల్సిందే అంటున్నాను, ఇన్నాళ్లూ వద్దన్న నేనే. కాకపోతే పరీక్ష ఫీజు కట్టే నెలలో పరుగెత్తితే వచ్చేది గంట సమయమే, చదువు రాదు. మూడో తరగతిలో నోటుబుక్కు దిద్దే టీచరు అనుమానపడాలి. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు 1,016 ప్రత్యేక టీచర్లవి. వాళ్ల దాకా పిల్లవాడిని చేర్చాల్సింది మామూలు బీఈడీ, డీఈడీ వాళ్లే. దానికి పనిముట్లు తెలుగులో కావాలి. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో డిస్లెక్సియాను గుర్తించే ‘డాలి’ని తెచ్చినప్పుడు తొలి విడతలో హిందీ, మరాఠీ, ఇంగ్లీషుతో పాటు కన్నడం ఉంది, తెలుగు లేదు. మన లిపికి అక్క లాంటి కన్నడం చేసిన పని ముందుంది కదా, బీఈడీ సిలబస్ రాసేవాళ్లు ఒకసారి అటు చూడొచ్చు.